పట్టాల మీద మన తెలుగు



తమిళనాడులో మదురై నుంచి తూత్తుకుడి వెళ్లే రైలెక్కితే విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి వరుసగా వస్తాయి. ఈ దారిన రైలు నడవడం 1876లో మొదలైంది. అదే ఏడు దక్షిణాదిన మహాకరువు కూడా మొదలైంది.

ఇవి చరిత్ర ఉన్న స్టేషన్లు. విరుదునగర్ అనగానే కామరాజ్ గుర్తొస్తారు. కోవిల్‌పట్టి దాటాక వచ్చే మణియాచ్చిలో 1911 జూన్ 17న వాంచినాథన్ కలెక్టర్ ఆష్‌ను కాల్చి చంపాడు. ఇప్పుడు ఆ స్టేషన్ పేరు వాంచి మణియాచ్చి.

బోర్డు మీదికి ఎక్కని మనుషులూ ఉన్నారు. కోవిల్‌పట్టి చుట్టుపక్కల తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో. పక్కనే ఉన్న ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ మాతృభాష తెలుగే. వలస వచ్చిన తెలుగువాళ్ల కథను ఆయన తమిళంలో నవలగా రాశారు. భూమి దున్నుకున్నవాళ్ల కథ అలా పుస్తకానికెక్కింది. ఇంట్లో తెలుగే మాట్లాడే అరుంధతీయులకు మాత్రం చీపురు మిగిలింది. తమిళనాడులో పాకీపని చేసేవాళ్లలో చాలామంది వాళ్లే.

2013 చట్టం పాకీపనిని నిషేధించింది. రైలు పట్టాల మీద మలం ఎత్తడాన్ని కూడా పేరుపెట్టి చెప్పింది. అయితే ప్రభుత్వం చెప్పిన పరికరాలు, రక్షణ దుస్తులు ఇచ్చి చేయిస్తే అది పాకీపని కాదని అదే చట్టం అంటుంది. బయో టాయిలెట్లు వచ్చాక పట్టాల మీద మురికి తగ్గింది. కులాన్ని బట్టి పని పంచే పద్ధతి తగ్గిందా?

2009లో తమిళనాడు ప్రభుత్వం ఎస్సీ కోటాలో అరుంధతీయులకు 3 శాతం కేటాయించింది. వాళ్లలో క్రైస్తవుడైనవాడికి అది అందదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మనల్ని చేర్చలేదు. బాప్తిస్మం తీసుకుంటే కోటా పోతుంది, చీపురు పోదు.

ప్రభుత్వాన్ని అడగాల్సింది అడుగుదాం. ముందు మన సంఘాన్ని అడుగుదాం. పాకీపని చేసే ఇంటివాళ్లకు మన సంఘ కమిటీలో చోటుందా? వాళ్ల పిల్లతో మన అబ్బాయికి పెళ్లి మాట్లాడతామా?

యువతీ యువకులారా, ఈసారి స్టేషన్‌లో ఊడ్చే అక్క కనిపిస్తే ఆగండి. పేరు అడగండి. చేతికి గ్లవ్స్ ఇచ్చారా, జీతం నెలనెలా అందుతోందా అని అడగండి. ఆమె తెలుగులోనే జవాబు చెప్పవచ్చు.

యేసు ప్రభువు తువాలు నడుముకు కట్టుకొని శిష్యుల పాదాలు కడిగాడు. దాసుల పని అనుకున్నదాన్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ తువాలు ఇప్పుడు మన ముందుంది. ఆమెన్.