కారుకూ కేవైసీ కావాలి

(రహదారి భద్రతా మాసోత్సవం సందర్భంగా ఉద్యోగుల కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

రహదారి భద్రత అనగానే హెల్మెట్, సీటు బెల్టు, వేగం గురించి చెబుతారు. అవి మీరు చాలాసార్లు విన్నారు. ఈ రోజు నేను కారు స్టీరింగు మధ్యలో మన కంటికి కనబడకుండా ఉండే ఒక చిన్న లోహపు డబ్బా గురించి మాట్లాడతాను. దాని పేరు ఇన్‌ఫ్లేటర్. ఎయిర్ బ్యాగ్‌లో గ్యాసు నింపేది అదే.

మన భాషలో చెప్పాలంటే అది బ్యాంకు గ్యారంటీ లాంటిది. గ్యారంటీ ఇచ్చాక ఏళ్ల తరబడి ఫైల్లో కదలకుండా ఉంటుంది. ఇన్వోక్ చేసిన రోజున మాత్రం సాకులు చెప్పకుండా సొమ్ము కట్టాల్సిందే. ఇన్‌ఫ్లేటర్ కూడా పదేళ్లయినా ఊరికే కూర్చుంటుంది. అవసరం వచ్చినప్పుడు మాత్రం సెకనులో ఇరవయ్యో వంతు లోపే పని ముగించాలి. అది రెప్పపాటు కంటే తక్కువ.

అంత వేగంగా ఏ పంపూ గాలి కొట్టలేదు. అందుకే ఇంజనీర్లు రసాయనాన్ని ఆశ్రయించారు. కారు గట్టిగా గుద్దుకోగానే సెన్సర్ గుర్తించి విద్యుత్ సంకేతం పంపుతుంది. ఇన్‌ఫ్లేటర్‌లోని సన్నటి తీగ వేడెక్కి మందు అంటుకుంటుంది. లోపలి బిళ్లలు మండి గ్యాసు పుడుతుంది. పాత కార్లలో ఈ బిళ్లలను సోడియం అజైడ్‌తో చేసేవారు. అది సుమారు 100 గ్రాములు ఉంటే 50 లీటర్లకు పైగా నత్రజని వస్తుంది. అంటే మన ఇంటికొచ్చే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు నిండినా ఇంకా మిగులుతుంది. మనం పీల్చే గాలిలో ఎక్కువ భాగం నత్రజనే కాబట్టి దానితో భయం లేదు. సోడియం అజైడ్ మాత్రం విషం. అందుకే 1990ల నుంచి కంపెనీలు వేరే మందుల వైపు మళ్లాయి.

జపాన్‌కు చెందిన తకాటా అనే కంపెనీ అమ్మోనియం నైట్రేట్‌ను ఎంచుకుంది. అది చవక. తక్కువ మందుతో ఎక్కువ గ్యాసు వస్తుంది. కానీ దానికి తేమ పడదు. వానాకాలంలో ఉప్పు డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. కారులోని బిళ్లల మీద కూడా పగటి ఎండ, రాత్రి చల్లదనం, గాలిలోని తేమ ఏళ్ల తరబడి పనిచేశాయి. బిళ్లలు గుల్లబారాయి. మొద్దు కట్టె నిదానంగా కాలుతుంది, అదే కట్టెను పుల్లలుగా చీలిస్తే భగ్గుమంటుంది. గుల్లబారిన బిళ్లలు కూడా అలాగే ఒక్కసారిగా మండిపోయాయి. ఆ ఒత్తిడికి లోహపు డబ్బాయే పగిలింది. ప్రాణం కాపాడాల్సిన సంచిలోంచి ఇనుప ముక్కలు ముఖం మీదికీ, మెడ మీదికీ దూసుకొచ్చాయి.

కొన్ని మరణాలు చిన్న ప్రమాదాల్లోనే జరిగాయి. ఫ్లోరిడాలో ఒక మహిళ మెడ మీది గాయాలు చూసి పోలీసులు మొదట కత్తిపోట్లేమో అనుకున్నారు. ఒక్క అమెరికాలోనే 28 మంది చనిపోయారు. అక్కడ సుమారు 6 కోట్ల 70 లక్షల ఇన్‌ఫ్లేటర్లను రీకాల్ చేయాల్సి వచ్చింది. పరీక్షల వివరాలను తారుమారు చేసి కార్ల కంపెనీలకు ఇచ్చామని తకాటా 2017లో నేరం ఒప్పుకుంది. వంద కోట్ల డాలర్లు చెల్లించేందుకు అంగీకరించింది. అదే ఏడాది దివాలా పిటిషన్ వేసింది. 1933లో మొదలైన కంపెనీ అది.

ఇదంతా ఎక్కడో జపాన్, అమెరికా గొడవ కదా అనుకోవద్దు. హోండాతో పాటు పలు కంపెనీలు మన దేశంలో కూడా ఈ ఇన్‌ఫ్లేటర్ల కోసం కార్లను రీకాల్ చేశాయి. వేడి, తేమ కలిసిన చోట ప్రమాదం ఎక్కువని తేలింది. విశాఖ, కాకినాడ, నెల్లూరు వాతావరణం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

రీకాల్ అంటే కంపెనీ తన ఖర్చుతో ఆ భాగాన్ని మార్చి ఇవ్వడం. యజమాని పైసా కట్టనక్కర్లేదు. అయినా చాలా కార్లు రావు. కారణం, సమాచారం యజమానికి చేరకపోవడం. కంపెనీ దగ్గర ఉండేది మొదట కారు కొన్నవారి చిరునామా, ఫోను నంబరు. కారు చేతులు మారితే ఉత్తరం పాతవారికి వెళుతుంది. ఇక మన సంగతి చూడండి. మూడేళ్లకో బదిలీ. కర్నూలులో కొన్న కారు కరీంనగర్ మీదుగా భువనేశ్వర్ చేరుతుంది. ఉత్తరం మాత్రం కర్నూలులోని అద్దె ఇంటి తలుపు కొడుతుంది. ఖాతాదారులను పదేపదే కేవైసీ అప్‌డేట్ చేయించుకోమని అడిగేవాళ్లం మనమే. మన కారు కేవైసీ మాత్రం ఎవరూ అడగరు.

కాబట్టి ఉత్తరం కోసం ఎదురుచూడొద్దు, మనమే వెతుక్కుందాం. ఆర్‌సిలో ఛాసిస్ నంబరు ఉంటుంది. అక్షరాలు, అంకెలు కలిపి సాధారణంగా 17. దాన్ని కార్ల కంపెనీ వెబ్‌సైట్‌లో రీకాల్ విభాగంలో కొట్టి చూడండి. అలా వీలుకాకపోతే అధీకృత సర్వీసు సెంటరుకు ఫోను చేసి చదివి చెప్పండి. పాత కారు కొనేటప్పుడు బేరం మొదలుపెట్టక ముందే ఈ పని చేయండి.

మన పిల్లలు చాలామంది చదువుకోవడానికి అమెరికా వెళ్లారు. వెళ్లగానే కొనేది పాత కారే. టెక్సాస్, ఫ్లోరిడాలు వేడీ తేమా ఎక్కువున్న రాష్ట్రాలు. 2001–2003 నాటి కొన్ని హోండా, అక్యురా కార్లను మరమ్మతుకు తీసుకెళ్లడానికి తప్ప నడపవద్దని అక్కడి రహదారి భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబరు కొడితే చాలు, రీకాల్ పెండింగులో ఉందో లేదో తెలిసిపోతుంది. ఈ ఆదివారం వీడియో కాల్‌లో అన్నం తిన్నావా అని అడిగాక, కారు నంబరు చూశావా అని కూడా అడగండి.

ఇదంతా విని ఎయిర్ బ్యాగ్ అంటేనే భయపడకండి. సవ్యంగా ఉన్న ఎయిర్ బ్యాగ్ ప్రాణం కాపాడుతుంది. మన దేశంలో 2019 జూలై నుంచి కొత్త కార్లలో డ్రైవరు వైపు ఎయిర్ బ్యాగ్ తప్పనిసరి అయింది. ఆ తర్వాత ముందు సీటు ప్రయాణికుడికి కూడా వచ్చింది. అది సీటు బెల్టుకు తోడుగా పనిచేస్తుంది, బదులుగా కాదు. బెల్టు లేకుండా ముందుకు తూలిన మనిషికి, వేగంగా విచ్చుకునే ఆ సంచే దెబ్బ కొడుతుంది. చంటిపిల్లలను ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవద్దు. స్టీరింగుకూ ఛాతీకీ మధ్య కనీసం జానెడు పైన ఖాళీ ఉంచండి. ఎయిర్ బ్యాగ్ మూత మీద స్వామివారి విగ్రహం అతికించవద్దు. సంచి విచ్చుకుంటే ఆ విగ్రహమే మన మీదికి వస్తుంది. బండి స్టార్ట్ చేశాక ఎయిర్ బ్యాగ్ దీపం ఆరకపోతే సర్వీసు సెంటరుకు వెళ్లండి. వీధి చివరి మెకానిక్ చేత దాన్ని విప్పించవద్దు, అందులో ఉన్నది మండే మందు.

ఇంటికెళ్లగానే ఆర్‌సి తీసి ఆ నంబరు చూడండి. ఐదు నిమిషాల పని. ఏ లోపమూ లేదని తేలితే నిశ్చింతగా ఉండొచ్చు. ఉందని తేలితే ఆ ఐదు నిమిషాలే మీ ఇంట్లో ఒక ప్రాణం నిలబెట్టినట్టు.