ఆపత్కాలపు సామగ్రికి ఇంటిలో చోటు
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



తుపానునకు, వరదకు ముందు ఇంటిలో ఏయే వస్తువులు సిద్ధముగా నుంచుకొనవలెనో మీలో చాలమందికి తెలియును. మంచినీరు, అటుకులు, బెల్లము, మందులు, టార్చిలైటు, అగ్గిపెట్టె, రేషను కార్డు, పట్టాదారు పాసుపుస్తకము, ఈ పట్టికను మీరు కరపత్రములలో చూచియే యుందురు. ఆ వస్తువులను ఏ మూల నుంచవలెననునది మాత్రము ఇంటివారి యిష్టమునకే విడువబడుచున్నది. వస్తువు ఉండియు అక్కరవేళకు చేతికి అందకున్న అది లేనట్లే గదా! కావున నేడు ఆ చోటును గురించియే మనవి చేయుదును.

“ఎత్తున పెట్టుడు” అనునది మన పల్లెలలో తరతరములుగా వచ్చుచున్న సలహా. అందుచేత సామగ్రి యంతయు అటకమీదికి ఎక్కుచున్నది. ఏటివరదకు ఈ సలహా మంచిదే. సముద్రతీరమున మాత్రము ఇది సగమే నిజము. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినపుడు ఇండ్లకు మొదట వచ్చిన ముప్పు పైనుండి వచ్చినది. రేకులు లేచిపోయెను, పెంకులు రాలెను. కప్పు పోయిన యింటిలో అన్నిటికంటె ముందు తడియునది అటకయే. గాలికి కప్పు శత్రువు, నీటికి నేల శత్రువు. రెండు భయములును గల ఊరిలో సామగ్రికి తగిన చోటు ఈ రెంటి నడుమ నున్నది. ఇంటి నడిమి గోడకు, కిటికీకి ఎదురుగా గాక, నిలుచున్న మనిషి చేతికి అందునంత ఎత్తున గల గూడు గాని, గట్టి అలమర గాని అందుకు యోగ్యము. వెలుపలి గోడకు జల్లు కొట్టును, చెమ్మ దిగును. స్విచ్చిబోర్డు క్రింద సామగ్రి నుంచుట యెంతమాత్రమును కూడదు.

ఏటివరద సంగతి వేరు. గోదావరి తీరమున భద్రాచలము నీటిమట్టము 43 అడుగులకు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూడవదియు ప్రకటింతురు. 1986 ఆగస్టులో అచ్చట నది 75.6 అడుగులకును, 2022 జులైలో 71.3 అడుగులకును చేరెను. ఈ అంకెలను అందరును విందురు. కాని భద్రాచలము వద్ద 53 అడుగులనిన తన యింటి గోడమీద ఎంతయో చెప్పగలవారు ఎందరు? ఆ లెక్క ఏ కార్యాలయములోను దొరకదు, ఊరి పెద్దల జ్ఞాపకములోనే కలదు. వారినడిగి, వెనుకటి వరదనీరు ఎంతవరకు వచ్చినదో ఇంటింట గోడపై రంగుతో ఒక గీత గీయింపుడు. సామగ్రి ఆ గీతకు కనీసము మూరెడు పైన నుండవలెను. గీత దూలమును దాటిన యింటిలో చోటు వెదకుట వ్యర్థము. అట్టి యింటి సామగ్రి మూటగట్టబడి మనుష్యులతో పాటు కదలిపోవలసినదే.

సముద్రపు ఉప్పెనకు గీతలు పనికిరావు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేలమంది మరణించిరి. అట్టి నీటికి ఏ అలమరయు ఎత్తు కాదు. తీరమునకు దగ్గరనున్న పల్లెలలో ఇల్లు విడిచి పోవుటయే రక్ష గనుక, సామగ్రికి స్థానము వాకిలి ప్రక్కనే. బయలుదేరునపుడు వెదకవలసిన పని యుండరాదు. మూట ఒక్క మనిషి ఒక చేత మోయదగినంత బరువే కలిగియుండవలెను, రెండవ చేతిలో బిడ్డయో, వృద్ధురాలి చేయియో యుండును. అందులో కాగితములు, దినదినము వాడవలసిన మందులు, టార్చి, కొంత రొక్కము, ఒక జత బట్టలు చాలును. ఇత్తడి బిందెల మీద మమకారముతో ఆలస్యము చేయరాదని స్త్రీలకే గాక పురుషులకును చెప్పుడు, పశువుల పగ్గములు పట్టుకొని కదలని పురుషులు తక్కువ గారు. పశువుల పలుపులు ముందే విప్పి విడిచిన అవి తమ దారి తామే చూచుకొనును.

పట్టణములలో వలె మేడలు గలవారు పల్లెలలోను పెరుగుచున్నారు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలోని పల్లపు పేటలలో ఇండ్ల క్రింది అంతస్తులు మునిగినపుడు, పై అంతస్తులకు, డాబాలమీదికి చేరినవారు దినములతరబడి అన్నపానీయములకై ఎదురుచూడవలసి వచ్చెను. మేడ గలవారు సామగ్రిని వంటయింట గాక మెట్లపైని గదిలో నుంచుకొనుట మేలు.

నీటి మాట కొంచెము విశదముగా చెప్పవలసియున్నది. త్రాగుటకే మనిషికి దినమునకు మూడు, నాలుగు లీటర్లు కావలెను. లీటరు నీరు కిలో బరువు. ఐదుగురున్న యింటికి మూడు దినముల నీరు కొయ్యపలకపై నెక్కించినచో పలకయే విరుగును. గావున నీటిని బిగువైన మూతగల డబ్బాలలో పోసి, గట్టి అరుగుమీదనో, గీతకు పైబడిన మెట్టుమీదనో ఉంచవలెను. మూత గట్టిదైనను వరదనీటిలో మునిగిన డబ్బా నీటిని కాచి గాని త్రాగరాదు.

వంటయిల్లు దగ్గరనున్నదని అందరును అచ్చటనే అన్నియు చేర్తురు. పొయ్యి వేడికి మందులు చెడును. కిరసనాయిలు, పురుగుమందులు ఉన్న గదిలో తినువస్తువు ఒక్కటియు ఉండరాదు, వరదలో డబ్బాలు తలక్రిందులై అన్నియు కలియును. గ్యాసు సిలిండరు నీటిలో తేలి కొట్టుకొనిపోవును. దానిని ముందుగనే కట్టివేసి, రెగ్యులేటరు మూసి తీసివేయవలెను. ఎలుకలున్న యింట గుడ్డమూటకంటె రేకుడబ్బా మేలు. చెదలున్న గోడకు కాగితముల పెట్టెను ఆనింపరాదు. టార్చిలోని బ్యాటరీలను తీసి ప్రక్కన ఉంచుడు, లోననే యుండి కారినచో టార్చి పాడగును. నీరు దిగిన పిమ్మట గూటిలో గాని, అటకమీద గాని ఉత్తచేయి పెట్టరాదు. మనము పొడి చోటు వెదకినట్లే పాములును తేళ్ళును వెదకును. మొదట దీపము వేసి చూచి, కఱ్ఱతో కదపి, తరువాత చేయి పెట్టవలెను.

ఇంతవరకు చెప్పినదంతయు గోడలు, గూళ్ళు గలవారి మాట. తాటాకు గుడిసెలో ఎత్తైన చోటేది? మట్టిగోడ నీటికి కరుగును, కప్పు గాలికి పోవును. ఆ యింటివారికి మన సలహా వినుటకు బాగుండునే గాని అక్కరకు రాదు. పంచాయతీ సభ్యుని అసలు పని ఇచ్చటనే యున్నదని నా అభిప్రాయము. మీ వార్డులో సామగ్రికి చోటులేని ఇండ్లెన్నియో మొదట లెక్కవేయుడు. ఒంటరి వృద్ధులను, గర్భిణీస్త్రీలను, నడువలేనివారిని ఆ లెక్కలో వేరుగా గుర్తింపుడు. తరువాత ఊరిలోని తుపాను ఆశ్రయ భవనముననో, పాఠశాల పై గదిలోనో ఒక ఇనుపపెట్టెను ఆ వాడ పేరున ఉంచవచ్చును.

పాసుపుస్తకమును పరుల చేతిలో పెట్టుటకు పేదవాడు జంకును. ఆ జంకు అకారణము గాదు. పోగొట్టుకొన్న కాగితమునకై ఎన్ని పర్యాయములు తిరుగవలెనో అతనికి మనకంటె బాగుగా తెలియును. కావున అసలు కాగితములను ప్లాస్టిక్ సంచిలో చుట్టి అతని మూటలోనే యుండనిండు. పెట్టెలో నకళ్ళు మాత్రము చాలును. వాటితోపాటు కొన్ని దుప్పట్లు, ఓ.ఆర్.ఎస్. పొట్లములు, నీటిని శుభ్రపరచు క్లోరిన్ బిళ్ళలు, రెండు టార్చీలు ఉంచుడు. బిళ్ళలకును పొట్లములకును గడువు తేదీ కలదు గనుక, వేసవి తుపానులకు ముందు ఏప్రిలులో ఒకమారు, అక్టోబరు ప్రారంభములో మరియొకమారు పెట్టె తెరచి చూడవలెను.

పెట్టెకు రెండు తాళపుచెవులుండవలెను. ఒక్కటే యున్నచో, అది గలవారు పెండ్లికి పొరుగూరు పోయిన రాత్రియే తుపాను వచ్చును. ఒకటి సభ్యునివద్దను, రెండవది ఆ వాడలోనే ఎల్లప్పుడు ఇంటిపట్టున నుండు ఒక స్త్రీవద్దను ఉండుట ఉచితము. ఆమె పేరు పెట్టెమూతమీద పెద్ద అక్షరములతో వ్రాయింపుడు.