మేస్త్రీ అడిగే వయసు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ మాటలు ముఖ్యంగా మీకోసం.

పదో తరగతి పరీక్షలు అవగానే మన సంతల్లో మేస్త్రీలు తిరుగుతారు. ఇటుక బట్టీకో, రాతి క్వారీకో మనుషులు కావాలంటారు. ఇంటికొచ్చి నాన్న చేతిలో అడ్వాన్సు పెడతారు. కుర్రాడితో మాత్రం "ఎవరడిగినా పద్దెనిమిది నిండాయని చెప్పు" అంటారు. ఎవరెవరు వెళ్లారో జూన్‌లో ఇంటర్ అడ్మిషన్లప్పుడు గాని మా వార్డెన్లకు తెలియదు.

ఆ అబద్ధం మేస్త్రీకి ఎందుకు కావాలి? 1986 నాటి బాలకార్మిక చట్టం మొదట్లో పద్నాలుగేళ్లలోపు వారికే వర్తించేది. 2016లో దాన్ని సవరించి, 14 నుంచి 18 ఏళ్ల మధ్య వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోకూడదన్నారు. గనులు, పేలుడు పదార్థాలు, బాణసంచా తయారీ ఆ జాబితాలో ఉన్నాయి. 2017లో జాబితాను మార్చినప్పుడు రాతి క్వారీలు, ఇటుక బట్టీల పేర్లు కూడా రాశారు. పెట్టుకున్న యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20,000 నుంచి 50,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. వారెంటు లేకుండానే పోలీసులు పట్టుకోవచ్చు. పనిచేసిన పిల్లవాడిది నేరం కాదు. తల్లిదండ్రులకు కూడా మొదటిసారి శిక్ష లేదు. ఈ సంగతి తెలియకే మనవాళ్లు ఫిర్యాదు చేయడానికి జంకుతారు.

రాయి పగలగొట్టేచోట లేచే పొడి మామూలు దుమ్ము కాదు. అందులోని సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్ వస్తుంది. చాలాసార్లు ఏళ్లు గడిచాక బయటపడుతుంది. దగ్గు, ఆయాసం చూసి క్షయ అనుకుని ఆ మందులే మింగుతూ ఉంటారు. పాడైన ఊపిరితిత్తిని బాగుచేసే మందు లేదు. పదహారేళ్లకు క్వారీకి వెళ్లినవాడు ముప్పై ఏళ్లకే కొండెక్కలేకపోతే, కూలి ఎంతిచ్చారన్న లెక్క ఎందుకు?

అలాగని అసలు పనే చేయొద్దని మేం అనడం లేదు. మన ఇళ్లలో అది కుదిరే మాట కాదు. సెలవుల్లో బట్టల కొట్లోనో, కిరాణా షాపులోనో పనికి కుదరొచ్చు. దానికీ చట్టం హద్దు పెట్టింది. వరుసగా మూడు గంటలకు మించి చేయించకూడదు, ఆపైన గంట విశ్రాంతి. విశ్రాంతితో కలిపి రోజుకు ఆరు గంటలే. రాత్రి ఏడు నుంచి ఉదయం ఎనిమిది వరకు పని లేదు. ఓవర్‌టైం లేదు. వారానికి ఒక సెలవు. ఒకే రోజు రెండుచోట్ల పెట్టుకోకూడదు. పేరు, పుట్టిన తేదీ, పని గంటలు యజమాని రిజిస్టరులో రాయాలి.

ఇక అడ్వాన్సు సంగతి. "డబ్బు తీసుకున్నాం, అది తీరేదాకా వదలరు" అని చాలామంది మాతో అన్నారు. అప్పు పేరు చెప్పి మనిషిని కదలనివ్వకుండా పని చేయించుకుంటే అది వెట్టి. 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ప్రకారం ఆ బాకీ రద్దవుతుంది. కలెక్టరు, తహసీల్దారు దగ్గరికి వెళ్లొచ్చు.

వయసు మీద తగవు వచ్చి, కాగితం ఏదీ లేకపోతే డాక్టరు తేల్చాల్సి వస్తుంది. అందుకే పదో తరగతి మెమో జిరాక్సు తీయించి ఒకటి ఇంట్లో, ఒకటి మీ దగ్గర పెట్టుకోండి. ఎవరైనా ఇరుక్కుంటే 1098కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు, రాత్రిళ్లూ పలుకుతారు. ఇప్పటికే బట్టీలకు వెళ్లిన నేస్తాలు మీలో చాలామందికి ఉంటారు. వాళ్లకు ఈ నంబరు ఇవాళే పంపండి.