పట్టా మీద ఎవరి పేరుంది?



ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్లి ఎట్లాగో అప్పుచేసి కానిస్తారు. ఇల్లు మాత్రం చాలామంది కూలివాళ్లకు ఒక తరంలో పూర్తి కాదు. ఎందుకని? డబ్బు లేక, అంతే కదా అంటారు. డబ్బు లేని మాట నిజమే. కానీ ఒకే కూలి మీద బతికే రెండు కుటుంబాల్లో ఒకరికి ఇల్లుంటుంది, ఇంకొకరికి ఉండదు. ఆ తేడా ఎక్కడుంది?

ముందు జాగా సంగతి చూడండి. చాలా గుడిసెలు పోరంబోకులోనో, చెరువు శిఖంలోనో, రైతు చేనుగట్టు మీదో ఉంటాయి. ముప్పై ఏళ్లు కాపురం చేసినా చేతిలో కాగితం ఉండదు. కాగితం లేనిదే బ్యాంకు ఇంటికి అప్పివ్వదు. ఎప్పుడు ఖాళీ చేయిస్తారో అన్న భయంతో ఎవరూ గోడ లేపరు. కొందరికి జాగా ఉంటుంది. అది తాత పేరు మీద ఉంటుంది. నలుగురు అన్నదమ్ములు పంచుకోరు. పాత ఇల్లు కూలిపోతుంది, కొత్తది లేవదు.

జాగా దొరికిందనుకోండి. ఇక బిల్లుల సంగతి. ప్రభుత్వం డబ్బంతా ఒకేసారి ఇవ్వదు. పని జరిగినకొద్దీ విడతలుగా ఇస్తుంది. 2016లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజనలో మైదాన ప్రాంతాల్లో ఇంటికి 1 లక్షా 20 వేల రూపాయలు పెట్టారు. తెలంగాణలో 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షలు అన్నారు. అందులో మొదటి లక్ష పునాది పూర్తయ్యాకే. అంటే పునాది ఖర్చు ముందు ఇంటివాళ్లే పెట్టుకోవాలి. నల్లరేగడి నేలైతే మరీ కష్టం. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. పునాది లోతుగా తీయాలి. కూలికి పోయే మనిషి ఆ డబ్బు ఎక్కడ తెస్తుంది? పొదుపు సంఘంలో ఉంటే సంఘం నుంచి అప్పు అడగొచ్చు. సంఘంలో లేనామె వడ్డీ వ్యాపారి గడప తొక్కుతుంది. ఈలోగా ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే సిమెంటు డబ్బు ఆసుపత్రికి పోతుంది. మొండిగోడలు వానకు తడుస్తుంటాయి. ఆ ఇంటివాళ్లను సోమరులు అంటారు కొందరు. అది తప్పు మాట.

ఇదంతా దాటి ఇల్లు లేచింది. మరి ఆ ఇల్లు ఎవరిది?

పాత రోజుల్లో పట్టా ఎక్కువగా మగవాళ్ల పేరునే రాసేవారు. తాగుడు కోసం భర్త ఆ ఇల్లు తాకట్టు పెట్టినా భార్యకు తెలిసేది కాదు. తర్వాత పద్ధతి మారింది. ఇందిరా ఆవాస్ యోజనలో ఇల్లు భార్య పేరున, లేదా ఇద్దరి పేరున ఇవ్వాలని నిబంధన పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో పంచిన ఇంటి పట్టాలు ఆడవాళ్ల పేరున రాశారు. పల్లెల్లో ఒక్కొక్కరికి 1.5 సెంట్లు, అంటే సుమారు 72 గజాలు. జాగా చిన్నదే. అయినా పేరు తనదైతే, ఆమెను బయటికి పొమ్మనే హక్కు ఎవరికీ లేదు.

పేరు ఆమెది, కాగితం మాత్రం మామగారి పెట్టెలో ఉంటే? ఎవరో వచ్చి వేలిముద్ర వేయమంటారు. అది అప్పు కాగితమో, అమ్మకం కాగితమో! చదువుకున్న ఆడమనిషి ముందు చదువుతుంది, తర్వాతే సంతకం పెడుతుంది.

పట్టాలో ఏముంటుంది? పేరు, ఊరు, సర్వే నంబరు, ఎన్ని సెంట్లు, నాలుగు దిక్కుల హద్దులు. కింద చిన్న అక్షరాల్లో షరతులు. ప్రభుత్వం ఇచ్చిన జాగాను ఇష్టమొచ్చినప్పుడు అమ్మడానికి వీల్లేదు. ఆ సంగతి ఆ షరతుల్లోనే చూడాలి.

పేరు దగ్గర ఇంకొంచెం ఆగండి. ఆడవాళ్లకు ఇక్కడే చిక్కు. ఒక కాగితంలో పుట్టింటి ఇంటిపేరు, ఇంకోదాంట్లో అత్తింటి ఇంటిపేరు. పట్టాలో ఒకలాగా, ఆధార్ కార్డులో ఒకలాగా, బ్యాంకు పుస్తకంలో మరోలాగా ఉంటే బిల్లు ఆగిపోవచ్చు. ఈ రాత్రికి మూడూ పక్కపక్కన పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవండి. తేడా ఉంటే పునాది తీయకముందే సరిచేయించుకోండి.