"మన ఓట్లెన్ని?"



టీ కొట్టు దగ్గర రాజకీయం మాట్లాడుతూ మనవాళ్లు చివరకు అనే మాట ఇదే: "మన ఓట్లెన్ని? మనల్ని అడిగేదెవరు?" నిజమే. 2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మనం నూటికి ఒక్కరం కూడా లేము.

అయినా హక్కు ఓట్ల లెక్కతో రాదు. 2007 నాటి చట్టం బి.సి.-ఇ కింద చదువుల్లో, ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. దానికి ఆధారం సామాజిక, విద్యాపరమైన వెనుకబాటు. అందుకే షేక్, ఖురేషీ, అత్తరు సాయిబులు అందులో ఉన్నారు. సయ్యద్, మొగల్, పఠాన్ వర్గాలు లేవు. దూదేకుల వారు బి.సి.-బి. 2010 మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో ఈ రిజర్వేషన్ నిలిచి ఉంది.

మనవాళ్లు ఎక్కువగా ఉన్న పట్టణాల్లో ఈ సంగతి పక్కింటివారే చెబుతారు. మన పల్లెల్లో మనది ఒక్కటే ఇల్లు. కిందటేడు నాకు తెలిసిన ఒక షేక్ కుటుంబపు అమ్మాయి కౌన్సెలింగుకు ఓసీగా వెళ్లి వచ్చింది. బి.సి.-ఇ అనే మాటే తండ్రి వినలేదు. ఆ రోజు అందరం కలిసి ప్రభుత్వాన్ని గంటసేపు తిట్టుకున్నాం. పత్రం సంగతి ఎవరికీ తట్టలేదు, నాతో సహా.

ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే ఈ నెలలోనే సచివాలయంలో కుల ధ్రువీకరణ పత్రానికి అర్జీ పెట్టండి. జుమా నమాజు తర్వాత మసీదు వరండాలో ఉంటాను. కాగితాలు తీసుకురండి, కలిసి నింపుదాం.