పూల అమరికను గూర్చిన యొక పాత పుస్తకము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ గ్రంథాలయపు జాబితాలో ఎవ్వరును ఇంటికి గొనిపోని పుస్తక మొకటి యున్నది. హైదరాబాదులో ఆబిడ్సు కాలిబాటపై ఆదివారమునాడు పాత పుస్తకములు రాశులుగా పోసి అమ్ముదురు. అచ్చటినుండి ఒక కట్టలో కలిసి వచ్చినది. అట్ట లేదు, కుట్టు వదలినది. జపానీయులు పూవుల నమర్చు కళను గూర్చి జోసయా కాండర్ అను ఆంగ్లేయుడు వ్రాసినది. చెదలు మిగిలిన పుస్తకములకు సోకకముందే దీనిని జాబితానుండి కొట్టివేయవలెనని కొందరు సభ్యుల కోరిక. కొట్టివేయుటకు ముందు అందేమున్నదో చూచుట న్యాయము.

కాండర్ వృత్తిచేత వాస్తుశిల్పి. 1877లో జపాను ప్రభుత్వము పిలువగా టోక్యోకు పోయి విద్యార్థులకు భవననిర్మాణము నేర్పెను. నేర్పవచ్చినవాడు నేర్చుకొనుటకును కూర్చుండెను; క్యోసాయి అను చిత్రకారునియొద్ద శిష్యుడై చిత్రలేఖన మభ్యసించెను. పూలకళపై ఆయన గ్రంథము 1891లో వెలువడినది. 1920లో టోక్యోలోనే కాలధర్మము చెందెను.

ఈ కళకు ఇకెబనా యని పేరు. బుద్ధుని యెదుట పూవు లుంచుటనుండి పుట్టినది. క్యోటో నగరమున రొక్కకుదో ఆలయమునకు చెందిన సెంకే యను అర్చకుడు 1462లో పూల నమర్చిన సంగతి ఆనాటి దినచర్య యొకదానిలో నమోదైనది. ఫణిగిరి కొండమీది బౌద్ధవిహార శిథిలములను చూచినవారికి ఇది పరాయిమాటగా తోచదు. ప్రధానముగా మూడు రేఖలు: ఆకాశము, మనుష్యుడు, భూమి. మూడును సమానముగా నుండరాదు. కొమ్మను నీటిలో ముంచియే కోయుదురు. గాలి చొరక కాడ నీరు పీల్చును. పాత్రలో పంగల పుల్లను బిగించి కాడలను నిలుపుదురు. పూవుల నడుమ ఖాళీయును అమరికలో భాగమే.

రిక్యూ అను తేనీటి ఆచార్యుని తోట పూతీగలతో నిండియున్నదని విని హిదెయోషి ప్రభువు చూడబోయెనట. తోటలో ఒక్క పూవు లేదు. ప్రభువు కోపముతో లోనికి పోగా, గదిలో ఒకే యొక్క పూవు!

ఈ పుస్తకములోని బొమ్మలను చూచి గ్రామములోని యొక వృద్ధురాలు, "గివేం పూలు బిడ్డా, మూడు కాడలేనా? ఆ ఊళ్ల తంగేడు లేదా?" అని యడిగినది. నవ్వినవారు నవ్విరి. కాని ఆమె అక్కడ ఆగలేదు. కొమ్మ పడిపోక ఎట్లు నిలిచినదని యడిగి, పంగల పుల్ల సంగతి చెప్పించుకొని, తలయూపినది. ఆ ప్రశ్న పని తెలిసినవారి ప్రశ్న.

తాంబాళములో గుమ్మడాకు పరచి, తంగేడు వరుస పెట్టి, కొనలు రంగులో ముంచిన గునుగును వరుసకొక రంగుగా పేర్చి, బంతి, చామంతి చేర్చి, నడుమ ఆకులును కోసిన కాడలును కూరి, పైపైకి సన్నగించి గోపురముగా తీర్చి, శిఖరమున గుమ్మడిపూవును పసుపు గౌరమ్మను నిలుపుట సామాన్యమైన పనియా? నడుమ కూర్పు వదులైనచో చెరువుగట్టు చేరకముందే ఒరుగును. వాత్స్యాయనుడు చెప్పిన అరువదినాలుగు కళలలో పుష్పాస్తరణము, మాల్యగ్రథనము ఉన్నవి. ఆ పేర్లు చదివినంత మాత్రమున చేయి తిరుగదు. అత్తనుండి కోడలికి, తల్లినుండి బిడ్డకు వచ్చిన ఈ విద్యను గూర్చి ఈ గ్రంథాలయమున ఒక్క పుటయు లేదు. జపానుదానిపై మాత్రము పుస్తకమున్నది!

బతుకమ్మ 2014లో రాష్ట్రపండుగయైనది. ఆ యేడే తంగేడు రాష్ట్రపుష్పమైనది. అయినను తంగేడు పూచు బీళ్లు ఇండ్లస్థలములగుచున్నవి. చేలలోని గునుగు కలుపుమందుకు మాడిపోవుచున్నది. పహాణీలో ఆ నేలకు పడావు అని వ్రాసియుండును, పూవునకు గడి లేదు. పూవు కరవైనచోట పేర్చు చేయియు మరచును.

కావున కాండర్ పుస్తకమును కొట్టివేయక, కుట్టించి, అట్ట వేయించి యుంచవలెనని సభవారికి మనవి. దాని ప్రక్కన ఖాళీ నోటుపుస్తక మొకటి యుంచవలెను. ఎంగిలిపూల నాటినుండి సద్దులనాటివరకు ఈ తొమ్మిది దినములలో, ఏ వాడలో ఏ పూవు ఏ వరుసలో పెట్టుదురో, గునుగు కే రంగు ఎట్లు పట్టింతురో, వ్రాయగల యాడుబిడ్డలు అందు వ్రాయవచ్చును. వ్రాయలేని పెద్దమ్మలు చెప్పినచో బడిపిల్లలు వ్రాసికొందురు. మొదటి పుట ఆ వృద్ధురాలికి విడిచిపెట్టవలెను.