గీటురాయి వంటి వెలుగు

నేటి ప్రసంగమునకు మేము ఒక పెన్సిలును ఆధారముగా గైకొనుచున్నాము.

పెన్సిలు గీతలోని నల్లని పదార్థమును, ఉంగరములో మెరయు వజ్రమును రెండును కర్బనమే. ఒకటి వ్రేలికి అంటుకొనును. మరియొకటి గాజును కోయును. ఈ భేదము పరమాణువులలో లేదు. అవి ఒకదానినొకటి పట్టుకొను తీరులో నున్నది. వజ్రములో ప్రతి పరమాణువును నాలుగు పరమాణువులతో బంధింపబడియుండును. పెన్సిలులోని గ్రాఫైటులో మూడింటితోనే కలిసి తేనెపట్టువంటి పొరగా నమరును. పొరకును పొరకును నడుమ పట్టు సడలియుండుట చేతనే పెన్సిలు వ్రాయుచున్నది.

2004లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున గైమ్, నొవొసెలొవ్ మొదలగువారు అంటుపట్టీతో గ్రాఫైటును పదేపదే ఒలిచి, ఒక్క పరమాణువు మందము గల పొరను వేరుచేసిరి. అదియే గ్రాఫీను. దాని మందము నానోమీటరులో సుమారు మూడవ వంతు. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. మరి అది ఒంటిపొరయే యని తెలియుటెట్లు?

1928లో కలకత్తాయందు సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్ కనుగొన్న ఫలితమే ఇచ్చట తోడ్పడినది. ఒకే రంగు కాంతిని పదార్థముపై ప్రసరింపజేసినచో, చెదరిన కాంతిలో అత్యల్పభాగము రంగు మారి వచ్చును. ఆ మార్పు బంధముల కంపనమును తెలుపును. వీణతీగ బిగువును బట్టి స్వరము హెచ్చునట్లే, బంధము బిగిసినకొలది కంపనమును హెచ్చును. వజ్రపు గీత సెంటీమీటరుకు 1332 తరంగముల యొద్దను, గ్రాఫైటు గీత 1580 యొద్దను కనబడును. అనగా మెత్తని గ్రాఫైటు పొరలోని బంధమే వజ్రపు బంధముకంటె బిగువైనది!

ఏ కంపనము వర్ణపటమున గోచరించునో పరమాణువుల అమరికను బట్టి లెక్కించుటకు సమూహసిద్ధాంతము సాధనము. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు చెందిన సూరి భగవంతము, వెంకటరాయుడుగారలు ఈ విషయమున రచించిన గ్రంథము 1948లో వెలువడినది.

గ్రాఫీను ఒంటిపొరయైనచో 2700 సమీపమున ఒకే సన్నని గీత నిలుచును. రెండు పొరలైనచో ఎలక్ట్రానుల శక్తిస్థాయిలు చీలి, ఆ గీత వెడల్పగును. ఇది 2006లో తేలినది.

ఈ పరీక్ష పండితుల వినోదము కాదు. 2018లో ప్రకటితమైన ఒక పరిశోధనలో 60 సంస్థల గ్రాఫీనును పరీక్షింపగా, అధికభాగము నమూనాలలో నూటికి పదిపాళ్ళయినను గ్రాఫీను లేదు. తక్కినది గ్రాఫైటు పొడియే. అట్టి సరుకుతో ప్రయోగము విఫలమైనచో, దోషము గ్రాఫీనుపై బడును. ఒక్క రేకును చూచిన చాలదు. సరుకునుండి అనేక రేకులను పరీక్షింపవలెను. బంగారమును గీటురాయిపై గీయక కొనువారుందురా? కంటికానని సరుకునకును అట్టి జాగ్రత్తయే తగునని మేము తలచుచున్నాము.